డాలస్ నల్లమట్టిలో మాక్సిమిలియన్ పొద్దుతిరుగుడు: బతుకమ్మ పూల కోసం పెంచవచ్చునా?

పెరటిపూలు_ఫ్రిస్కో అడిగిన ప్రశ్న:
అందరికీ నమస్కారం. సెప్టెంబరు చివర్లో ఇక్కడి రహదారుల పక్కన మనిషి ఎత్తున నిలబడి, కాండం పొడవునా పసుపు పూలు పూసే పొద్దుతిరుగుడును మీలో చాలామంది చూసే ఉంటారు. అది మాక్సిమిలియన్ పొద్దుతిరుగుడనీ, ఒకసారి నాటితే ఏటా వేరు నుంచే మళ్ళీ లేస్తుందనీ నర్సరీలో చెప్పారు. తంగేడు ఇక్కడ దొరకక ఏటా కొన్న చామంతులతోనే బతుకమ్మను పేరుస్తున్నాం కనుక, సరిగ్గా ఆ రోజుల్లోనే పూసే ఈ మొక్కను ఎండ బాగా పడే కంచె వెంట పెంచాలని ఉంది. విత్తనం ఎప్పుడు వేయాలి? మట్టిని మార్చాలా? దీని దుంపలు తింటారన్నది నిజమేనా? ఇళ్ళ యజమానుల సంఘం అభ్యంతరం చెబుతుందేమోనన్న సందేహం కూడా ఉంది.

నల్లరేగడి_ప్లేనో:
మట్టిని మార్చే పనే లేదండీ. ఇక్కడి నల్లమట్టి మన నల్లరేగడి జాతిదే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఈ మొక్క ఇలాంటి గడ్డి మైదానాల్లోనే పుట్టి పెరిగింది. దానికి ఎరువు వేసి రోజూ నీళ్ళు పెడితే పది అడుగుల దాకా ఎదిగి, పూత బరువుకు సరిగ్గా పండుగ ముందర నేలకు ఒరిగిపోతుంది. వేరు పట్టేదాకా నీళ్ళు పోసి, ఆ తరువాత దాని మానాన దాన్ని వదిలేయడమే మంచి సాగు.

విత్తనానికి చలి తగలాలి. నవంబరు, డిసెంబరు నెలల్లో మట్టిని పైపైన గీరి, విత్తనం చల్లి, కాలితో అదిమితే చాలు, మిగతాది చలికాలం చూసుకుంటుంది. వసంతంలో వేయదలిస్తే తడి ఇసుకలో కలిపి నెల రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. మొదటి ఏడు మొక్క బలమంతా వేరులోకే పోతుంది, నిండు పూత రెండో ఏటి నుంచి చూస్తారు. అంతకంటే త్వరగా కావాలంటే ఫిబ్రవరిలో, పిలకలు మట్టిపైకి తొంగిచూసే వేళ, తెలిసినవారి తోటలోని పాత గుబురును పారతో చీల్చి, పిలక ఉన్న వేరుముక్కలు తెచ్చి నాటుకోండి. రోడ్డు పక్కవి మాత్రం తవ్వకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది జూన్ కోత. జూన్ మొదట్లో కాండాలను సగానికి కోస్తే పక్క కొమ్మలు వచ్చి మొక్క పొట్టిగా, గుబురుగా నిలుస్తుంది. జూలై దాటాక కత్తెర పెడితే మొగ్గలే పోతాయి. నేనైతే ముందు వరుసను కోసి వెనుక వరుసను వదిలేస్తాను, పూత కొన్ని రోజులు అటూ ఇటూగా వస్తుంది. 2023లో అక్టోబరు 14న మొదలైన బతుకమ్మ 2025లో సెప్టెంబరు 21నే మొదలైంది కదా, ఆ తేడాకు ఇది అక్కరకు వస్తుంది. వేసవిలో ముళ్ళ గొంగళిపురుగులు గుంపుగా ఆకులు తింటుంటే మందు కొట్టకండి. అవి సీతాకోకచిలుకల పిల్లలు. మొక్క మళ్ళీ చిగురిస్తుంది. వేరు పక్కలకు పాకుతుంది కాబట్టి పాదు దాటి వచ్చిన పిలకలను ఏటా వసంతంలో పీకేయాలి.

సద్దులపూలు:
పేర్చే విషయం నేను చెబుతాను. ఈ పూలు తంగేడులా గుత్తులుగా రావు. కాండం పైభాగమంతా ఆకు మొదళ్ళలో ఒక్కొక్కటిగా పూస్తాయి, ఒక్కో పూవు రెండు మూడు అంగుళాల వెడల్పు ఉంటుంది. ఎండ ఎక్కకముందే కోసి బకెట్ నీళ్ళలో నిలబెట్టండి. కాండానికీ ఆకులకూ గరుకు నూగు ఉండి చేతులు గీరుకుంటాయి కనుక, పిల్లల చేత ఆకులు దూయించేటప్పుడు తొడుగులు వేయించాలి. జానెడు కాడ ఉంచి, ఐదారు పూలను దారంతో కట్టగా చుట్టి, తాంబాలంలో గుమ్మడాకుల మీద కాడలు లోపలికి, పూలు బయటికి వచ్చేలా పేర్చి, దూసిన ఆకులనే నడుమ కుదించి నింపితే వరుస కదలదు. గునుగు జాతిదే అయిన సెలోషియా ఇక్కడి వేడికి చక్కగా పెరుగుతుంది, దాన్నీ పక్కన వేసుకోండి.

పూలన్నీ కోయవద్దని నా మనవి. అక్టోబరులో మెక్సికోకు వలసపోయే మోనార్క్ సీతాకోకచిలుకలు టెక్సాస్ మీదుగానే వెళతాయి, వాటికి ఈ పూతేనె కావాలి. ఎండిన కాడలను చలికాలమంతా ఉంచితే గోల్డ్‌ఫించ్ పిట్టలు గింజలు తింటాయి.

మిషిగన్_వంటిల్లు:
ఉత్తర అమెరికా ఆదివాసులు ఈ వేళ్ళను తిన్న మాట నిజమే, కానీ అవి సన్నగా, పీచుగా ఉంటాయి. వంటకు కావలసింది దీని దాయాది అయిన సన్‌చోక్ అనే దుంప మొక్క. 1605లోనే ఫ్రెంచి అన్వేషకుడు షాంప్లేన్ అమెరికా తూర్పు తీరంలోని కేప్ కాడ్ దగ్గర ఆదివాసుల తోటల్లో దాన్ని చూశాడు. మంచుకు ఆకు మాడిన తరువాత తవ్వితే దుంప తియ్యగా ఉంటుంది. అందులో పిండికి బదులు ఇన్యులిన్ అనే పీచు పదార్థం ఉంటుంది, అది అరగక పేగుల్లో పులిసి కడుపు ఉబ్బరిస్తుంది; కనుక మొదటిసారి రెండు మూడు ముక్కలతో ఆగండి. చింతపండు పులుసులో నిదానంగా ఉడికిస్తే పులుపుకూ వేడికీ ఇన్యులిన్ కొంత విడిపోతుంది కాబట్టి వేపుడు కంటే పులుసు మేలు. అయితే దీన్ని పూల పాదులో కలపవద్దు. చిన్న ముక్క మిగిలినా మొలిచి పాదంతా ఆక్రమిస్తుంది.

పెరటిపూలు_ఫ్రిస్కో:
అందరికీ కృతజ్ఞతలు. దుంపల ఆలోచన మానుకుని పూలకే పాదు కడతాను. సంఘం సంగతి ఎవరైనా చెప్పగలరా?

నల్లరేగడి_ప్లేనో:
నీటి ఎద్దడిని తట్టుకునే తోటలను సంఘాలు నిషేధించకుండా టెక్సాస్‌లో 2013లో చట్టం చేశారు. అయితే ముందుగా ప్లాన్ ఇచ్చి ఆమోదం తీసుకోమని అడిగే హక్కు సంఘానికి ఉంది. దరఖాస్తులో హీలియాంథస్ మాక్సిమిలియానీ అని శాస్త్రీయ నామం రాసి, టెక్సాస్ స్థానిక మొక్క అనీ, జూన్‌లో కోసి ఎత్తు తగ్గిస్తాననీ స్పష్టంగా చెప్పండి. ఆస్టిన్‌లోని లేడీ బర్డ్ జాన్సన్ వైల్డ్‌ఫ్లవర్ సెంటర్ వారి మొక్కల వివరాల్లో ఇది ఉంది, ఆ పుటను జతచేయండి. నవంబరులో విత్తాలంటే దరఖాస్తును సెప్టెంబరులోనే ఇవ్వడం మంచిది.