స్విండన్ ‘లోపల’: లోపలా, లోపటా, లోనా?

అరసున్న: ఇంగ్లండులోని స్విండన్ ఊరి రైలు మ్యూజియంలో ఒక పెద్దాయన వాళ్ళ తాత గురించి చెప్పిన వాక్యం వారం నుంచీ బుర్రలో తిరుగుతోంది. నలభై రెండేళ్ళు ‘ఇన్‌సైడ్’ అన్నాడు. చివర ఇంకో మాట ఉంది, జారిపోయింది. గ్రేట్ వెస్టర్న్ రైల్వే కార్ఖానాలో పనిచేయడాన్ని ఆ ఊళ్ళో అలాగే అనేవారు. దాన్ని తెలుగులో ఎలా అనాలో తేలక, ‘మా తాత నలభై రెండేళ్ళు లోపలున్నాడు’ అని రాసి చూపిస్తే మా ఆవిడ ‘ఏం నేరం చేశాడు పాపం’ అంది.

చాదస్తం: ఇంగ్లీషులోనూ ఆ మాటకి జైలు అర్థం ఉందిగా. ఆ ఊరివాళ్ళు భరించారు, మనమూ భరిద్దాం. ‘లోన’ అన్నా నాకు అభ్యంతరం లేదు.

బొగ్గుమసి: ‘లోన’ అంటే మనసులోన, గుండెలోన. 14,000 మంది పనిచేసిన జాగకు సరిపోదు. మా దిక్కు ‘లోపట’ అంటం. ‘తాత లోపట పనిచేసిండు.’ జైలు వాసనే రాదు. మా బాపు కాజీపేట షెడ్డుల ఫిట్టరు. ‘షెడ్డుల’ అని రాస్తే పాయె గదా?

అరసున్న: షెడ్డు వేరండీ. బొగ్గు, నీళ్ళు పట్టి, బూడిద దులిపి ఇంజన్ని మళ్ళీ డ్యూటీకి తోలేది షెడ్డు. స్విండన్‌లో అది విడిగా ఉండేది. బ్రిటిష్ రైల్వేస్ కాలంలో దాని కోడు 82సి. ఇంజను మూతి మీద చిన్న ఇనప పలకలో కనిపించేది. ‘లోపల’ అంటే ఇంజను పుట్టే చోటు. 1843లో తెరిచారు. బ్రిటిష్ రైల్వేస్ ఆఖరి ఆవిరి ఇంజను ‘ఈవెనింగ్ స్టార్’ 1960లో అక్కడే తయారైంది. 1986లో మూసేశారు. పనివాళ్ళు రైలు పట్టాల కింద సొరంగంలోంచి దూరి వెళ్ళేవారు. నిజంగా లోపలికే!

వలపలగిలక: సొరంగం సంగతి తర్వాత. వలపల–వలపట, దాపల–దాపట, లోపల–లోపట. కాడికి కుడివైపు కట్టేది వలపటెద్దు, ఎడమవైపుది దాపటెద్దు. ‘పల’ అంటే వైపు. ‘వెలుపల’లోనూ అదే. నా పేరే సాక్ష్యం. ఇక ‘లోపట’లోని ‘ట’ అంటారా, ఇంట, కంట, నోట అన్నప్పటి ‘ట’యే. నా లెక్క ఇది.

చాదస్తం: ‘ఇంట’కి మూలం ‘ఇల్లు’. ఆ లెక్కన ‘లోపట’కి మూలం ‘లోపల’ అని మీరే ఒప్పుకున్నట్టు! గజేంద్రమోక్షంలో పోతన ‘ఎవ్వని లోపల’ అన్నాడు. ‘లోపట’ పెట్టినా గణం చెడదు, యతి చెడదు. అయినా ‘ల’యే వేశాడు.

బొగ్గుమసి: పోతన మా బమ్మెరాయన. ఇంట్ల ‘లోపట’ అనే ఉంటడు. పద్యంల మాత్రం మీ కోసం ‘లోపల’ అన్నడు.

వలపలగిలక: ఒంటిమిట్టవాళ్ళు నిద్రలేచేలోపు ఈ విషయం వదిలేయండి బాబూ.

దాపటెద్దు: అసలు ‘లోపల’ ఉన్న కవిని వదిలేశారేం? ఆల్ఫ్రెడ్ విలియమ్స్. ఆ కార్ఖానాలోనే ఆవిరి సమ్మెట దగ్గర పని. ఎదురుగా ఇనప రేకు మీద సుద్దముక్కతో గ్రీకు అక్షరాలు రాసుకుని దిద్దుకునేవాడు. ఆరోగ్యం పాడై 1914లో మానేశాడు. మరుసటి ఏడే ఆ కార్ఖానా బతుకు మీద పుస్తకం వేశాడు, అదీ మెచ్చుకోలు కాదు. తర్వాత సంస్కృతం కూడా పట్టి పంచతంత్ర కథలు ఇంగ్లీషులోకి దించాడు. సమ్మెట కొట్టిన చేతులండీ!

చాదస్తం: పంచతంత్రం అనగానే నాకు చిన్నయసూరే. ఆయనైతే ‘లోపట’ గ్రామ్యమని ఒక్క గీత గీసేసేవాడు.

దాపటెద్దు: విలియమ్స్ గురించి చెబితే సూరి దగ్గరికి పోయారా! మీకో నమస్కారం.

అరసున్న: జారిపోయిన మాట హూటర్ గురించేమో అనిపిస్తోంది. ఆ కార్ఖానా కూతకి నిద్ర పాడవుతోందని 1870లలో బోలింగ్‌బ్రోక్ ప్రభువు ఫిర్యాదు కూడా చేశాడు. పెద్దాయన ‘కూత వినగానే’ అన్నాడా, ‘కూత ఆగాక’ అన్నాడా...

బొగ్గుమసి: కూత ఏంది సారూ, మా దగ్గర సైరనే. లోపట, బయట, రెండు దిక్కులా సైరనే.

వలపలగిలక: కూయు–కూత, కోయు–కోత, మేయు–మేత. ఈ ‘త’ మీద ఒక మాట చెప్పాల్సి ఉంది. కొత్త చర్చ తెరుస్తున్నా, అందరూ అటు రండి.