అమెరికా మద్యనిషేధం నిజంగా విఫలమైందా?

లెక్కల మాస్టారు:

అమెరికాలో 1920 నుంచి 1933 వరకు సాగిన మద్యనిషేధం మాట ఎత్తితే చాలు, అందరూ ఒకే పాట అందుకుంటారు. దొంగసారా, ముఠా నాయకుడు అల్ కపోన్, తుపాకులు, చివరికి చేతులెత్తేసిన ప్రభుత్వం. నా వాదన వేరు. ఆ నిషేధం తాగుడును ఆపలేదు కానీ బాగా తగ్గించింది. కాలేయం చెడి చనిపోయిన మగవాళ్లు 1911లో లక్షకు 29.5 మంది ఉంటే 1929లో 10.7 మంది. నిషేధం ఎత్తేసిన తరువాత కూడా తలసరి వాడకం పాత స్థాయికి చేరడానికి 1970ల దాకా పట్టింది. ఇంత జరిగిన చట్టాన్ని విఫలమని తేల్చింది ఎవరు? ఆ చరిత్ర రాసినవాళ్లలో చాలామంది చేతిలో గ్లాసు ఉండేదేమోనని నా అనుమానం. ఈ చివరి వాక్యం పట్టుకుని కొట్లాటకు రాకండి, ముందు అంకెల సంగతి చెప్పండి.

నదికి ఇవతల:

మాస్టారూ, నమస్కారం. ఉద్యోగరీత్యా డెట్రాయిట్ దగ్గర ఉంటున్నాను. ఇక్కడ నది ఒడ్డున నిలబడితే అవతల కెనడాలోని విండ్సర్ ఊరి మేడల కిటికీలు లెక్కపెట్టవచ్చు. నది మైలు వెడల్పు కూడా లేదు. ఆ రోజుల్లో అవతలి ఒడ్డున విస్కీ కాచి ఎగుమతి చేయడం తప్పు కాదు, ఇవతలి ఒడ్డున దించుకోవడం నేరం. వేసవిలో పడవలు, చలికాలంలో గడ్డకట్టిన నది మీదుగా కార్లు. మంచు పగిలితే బయటికి దూకేందుకు వీలుగా తలుపు తెరిచి పెట్టుకుని నడిపేవారట.

మీ అంకెల దగ్గరకు వస్తాను. 1911, 1929 అని రెండు కొసలు చూపించి నడిమి భాగం దాచేశారు. కాలేయపు చావులు తగ్గింది ప్రధానంగా 1920కి ముందే. యుద్ధకాలంలో తిండిగింజలతో సారా కాయడాన్ని 1917లో ఆపేశారు. మా మిషిగన్‌లో రాష్ట్ర నిషేధం 1918 మే 1నే మొదలైంది. దేశమంతటా చట్టం అమల్లోకి వచ్చింది 1920 జనవరి 17న. అప్పటికే గీత కిందికి దిగిపోయింది, ఆ తరువాత దాదాపు అక్కడే ఉండిపోయింది. దిగిన నీటిలో గజం బద్ద పెట్టి, నేనే దించానంటే ఎలాగండీ?

లెక్కల మాస్టారు:

గజం బద్ద బాగుంది. కానీ మీరు నా పక్షాన్నే సాక్ష్యం చెప్పారు. రాష్ట్రాలు పెట్టిన నిషేధం నిషేధం కాదా? యుద్ధం ముగిశాక, చేతిలో డబ్బు ఆడిన ఇరవైల్లో కూడా ఆ గీత మళ్లీ పైకి లేవలేదు. ఎందుకు లేవలేదో చెప్పండి.

కొత్త సభ్యుడు:

మన దగ్గరా చూశాం కదా. 1995లో ఎన్టీఆర్ పెట్టారు, 1997లో చంద్రబాబు ఎత్తేశారు. కథ ఒకటే.

అరుంధతి:

కొత్త సభ్యుడు గారూ, అంత సులువుగా ఒకటి చేసేయకండి. దూబగుంట ఆడవాళ్లు నిలబడింది తమ ఊరి సారా దుకాణం ముందు. అమెరికాలో ఆ పని చివరికి ఒక నిపుణుల సంస్థ చేతిలోకి వెళ్లింది. 1893లో ఒహాయోలో పుట్టిన యాంటీ సెలూన్ లీగ్ గెలిచింది ఓట్ల లెక్కతో. దాని సూత్రధారి వేన్ వీలర్‌కు అభ్యర్థి ఇంట్లో తాగుతాడా మానతాడా అన్నది పట్టదు, సభలో చెయ్యి ఎటు ఎత్తుతాడన్నదే కావాలి.

ఇంకో మాట. ఆడవాళ్ల ఓట్లతోనే నిషేధం వచ్చిందని చాలామంది రాస్తుంటారు. తేదీలు చూడండి. నిషేధపు 18వ రాజ్యాంగ సవరణకు రాష్ట్రాల ఆమోదం 1919 జనవరిలో పూర్తయింది. ఆడవాళ్లకు దేశమంతటా ఓటుహక్కు ఇచ్చిన 19వ సవరణ వచ్చింది 1920 ఆగస్టులో. కొన్ని రాష్ట్రాల్లో వాళ్లకు అంతకుముందే ఓటుంది, నిజమే. అయినా చాలా రాష్ట్రాల్లో ఆమోదముద్ర వేసింది మగవాళ్లు ఎన్నుకున్న మగవాళ్లే.

ఇక సెలూన్ సంగతి. మనకు సెలూన్ అంటే క్షవరం. అక్కడ అది సారా కొట్టు, చాలావాటికి పెట్టుబడి బీరు కంపెనీలదే. ఐదు సెంట్ల బీరు కొంటే పక్క బల్ల మీద తిండి ఉచితం. ఉప్పు చేప, ఉప్పు దట్టించిన పంది మాంసం, ఊరబెట్టిన దోసకాయ. ఉప్పు ఎందుకంత దండిగా వేస్తారో చెప్పనక్కర్లేదు. జీతం చెక్కు అక్కడే మార్చుకోవచ్చు, ఉత్తరాలు ఆ చిరునామాకే తెప్పించుకోవచ్చు. సాయంత్రం పిల్లల చేతికి మూత ఉన్న బకెట్ ఇచ్చి బీరు తెమ్మని పంపేవారు. కొందరు ఆ బకెట్ లోపలివైపు వెన్న పూసి ఇచ్చేవారు, నురుగు పొంగకుండా బీరు ఎక్కువ పడుతుందని. ఆ గుమ్మం లోపలికి మర్యాదగల ఆడది అడుగు పెట్టకూడదు. డబ్బు మాత్రం ఆమె ఇంటి నుంచే వెళ్లేది. కాబట్టి మాస్టారూ, నిషేధం తాగుడును ఎంత తగ్గించిందన్న మీ ప్రశ్న కన్నా, ఏ తాగుడును చంపిందన్నది నాకు పెద్ద ప్రశ్న. సెలూన్ చచ్చింది. దాని స్థానంలో వచ్చిన చాటుమాటు బార్లలో ఆడామగా పక్కపక్కన కూర్చుని తాగారు. దీన్ని కోరుకుని ఎవరూ చట్టం చేయలేదు.

పాత పేపర్లు:

అరుంధతి గారు చెప్పినది సగం. ఆ చాటుమాటు బార్లలో ఎవరికి చోటుందో కూడా చూడాలి. న్యూయార్క్ హార్లెమ్‌లో దొంగసారా ముఠా నాయకుడు నడిపిన కాటన్ క్లబ్‌లో పాడేదీ ఆడేదీ నల్లవాళ్లు. 1927 చివరి నుంచి డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం వాయించింది అక్కడే. బల్లల దగ్గర కూర్చునేది మాత్రం తెల్లవాళ్లు.

మాస్టారి సగటు లెక్క మీద నా ఫిర్యాదు కూడా ఇదే. చట్టం నిషేధించినది తయారీ, అమ్మకం, రవాణా. తాగడం నేరం కాదు. 1920కి ముందు కొని ఇంట్లో దాచుకున్నది తాగితే ఎవరూ అడగరు. అంటే ఇంటి కింద నేలమాళిగ ఉన్నవాడికి చట్టం తగలదు. హార్డింగ్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు శ్వేతసౌధం మేడ మీద పేకాటతోపాటు విస్కీ నడిచేది. ఒంట్లో బాగాలేదంటే డాక్టరు చీటీ మీద పది రోజులకు ఒక పైంటు (దాదాపు అర లీటరు) విస్కీ మందుల దుకాణంలో దొరికేది. డాక్టరు ఫీజు పెట్టుకోగలిగినవాడికే ఆ రోగం.

డబ్బు లేనివాడు ఏం తాగాడు? పారిశ్రామిక స్పిరిట్. దాన్ని ఎవరూ తాగకూడదని ప్రభుత్వమే అందులో విషం కలిపించేది. దొంగసారావాళ్లు ఆ విషాన్ని సగం సగం తీసి అమ్మారు. 1926 క్రిస్మస్ రోజుల్లో న్యూయార్క్‌లో జనం పిట్టల్లా రాలారు. శవపరీక్షలు చేసే నగర అధికారి చార్లెస్ నోరిస్ తప్పు ప్రభుత్వానిదేనని బహిరంగంగా ప్రకటించాడు. 1930లో మరొకటి. జమైకా అల్లం సారం అని మందు పేరుతో అమ్మే చిన్న సీసా ఉండేది, పేదవాడి విస్కీ అది. తనిఖీలో పట్టుబడకుండా అందులో ఒక పారిశ్రామిక రసాయనం కలిపారు. వేలాది మందికి కాళ్లు పడిపోయాయి. కర్ర పట్టుకుని లేచినవాళ్లకు కూడా పాదం వేలాడేది. మోకాలు పైకెత్తి వేస్తే పాదం నేల మీద టప్పున పడేది. ఆ నడకకు జనం పేరు పెట్టారు, పాటలు కట్టారు. మీ 10.7లో వీళ్లు ఏ గడిలో ఉన్నారు మాస్టారూ?

పట్టుకునేవాళ్ల సంగతీ అంతే. ఇల్లినాయ్ రాష్ట్రంలోని విలియమ్సన్ కౌంటీలో 1923–24 చలికాలంలో తెల్లజాతి దురహంకార సంఘమైన కు క్లక్స్ క్లాన్ మనుషులే గుంపులు కట్టి సోదాలకు దిగారు. తలుపులు విరిగినవి ఎక్కువగా ఇటలీ నుంచి వచ్చిన గని కార్మికుల ఇళ్లవి. నిషేధం అన్నది బాటిల్ మీద యుద్ధం అంటారు, చాలాచోట్ల అది వలసవచ్చినవాడి మీద జరిగింది. 1924లో వలసలకు పరిమితి పెట్టిన కోటా చట్టం కూడా వచ్చిందని మరవకండి.

నదికి ఇవతల:

ఇందులో ఒక్క విషయం ఒప్పుకోను. వలసద్వేషం లేదనను. కానీ ఆ ఇటలీ కార్మికుడి భార్య సెలూన్ మూతపడినందుకు ఏడ్చి ఉంటుందని నేననుకోను.

పాత పేపర్లు:

సెలూన్ మూసినందుకు ఏడవదు. అర్ధరాత్రి తలుపు విరగ్గొట్టి మొగుణ్ని ఈడ్చుకుపోతే ఏడుస్తుంది.

లెక్కల మాస్టారు:

అల్లం సారం బాధితులు నా గడిలో లేరు. ఒప్పుకుంటున్నాను. విషం కలిపిన స్పిరిట్ విషయంలో ప్రభుత్వాన్ని నేను సమర్థించను, అది హత్యకు కాస్త ఇవతల ఆగింది, అంతే. కానీ ఇది అమలులోని క్రూరత్వం. విఫలమైందన్నది వేరే ఆరోపణ. సెలూన్‌ను చంపాలని బయలుదేరినవాళ్లు దాన్ని చంపేశారు. 1933 డిసెంబర్ 5న యూటా ఆమోదంతో కావలసిన రాష్ట్రాల లెక్క పూర్తయి నిషేధం రద్దయింది (మోర్మన్ల రాష్ట్రం, వాళ్ల మతంలో కాఫీ కూడా కూడదు!). ఆ తరువాత కూడా కొన్ని రాష్ట్రాలు దుకాణం బోర్డు మీద సెలూన్ అన్న మాటే రాయనివ్వలేదు. మిసిసిపీ అయితే 1966 దాకా నిషేధాన్ని వదల్లేదు. పైగా 1933లో రద్దు చేసింది జ్ఞానోదయమై కాదు, మాంద్యంలో ఖజానా ఖాళీ అయి. 1913లో ఆదాయపు పన్ను వచ్చాకే సారా పన్ను వదులుకునే ధైర్యం చేశారు. ఆదాయాలు పడిపోగానే మళ్లీ సారా పన్ను గుర్తొచ్చింది.

అరుంధతి:

ఖజానా ఒక్కటే కాదు. రద్దు కోసం 1929లో షికాగోలో పోలీన్ సేబిన్ ఆడవాళ్ల సంఘం పెట్టింది. ఆమె మొదట నిషేధాన్ని సమర్థించిన మనిషే, కొడుకుల కోసమని. పది లక్షలకు పైగా సభ్యులున్నామని ఆ సంఘం చెప్పుకుంది. ఇంటిని కాపాడాలన్న పాత నినాదాన్నే వాళ్లు తిరగేసి రద్దుకు వాడారు.

మాస్టారూ, సెలూన్ తిరిగి రాలేదన్నది నిజం. బకెట్ కూడా రాలేదు. కానీ 1935 జనవరిలో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో డబ్బా బీరు అమ్మకానికి పెట్టారు. ఆ వెనకే ఇంటింటికీ ఫ్రిజ్ వచ్చింది. ఆ సీసాలనూ డబ్బాలనూ సరుకులతోపాటు మోసుకొచ్చి ఫ్రిజ్‌లో సర్దింది ఎవరు?

లెక్కల మాస్టారు:

డబ్బా సంగతి నాకు తట్టలేదు. 1920కి ముందు నిషేధం ఉన్న రాష్ట్రాల, లేని రాష్ట్రాల చావుల లెక్క విడివిడిగా తీసి చూస్తాను. నదికి ఇవతల గారూ, మిషిగన్ అంకెలు మీరు పంపగలరా?