"ప్రేమ గలిగి సత్యము చెప్పుచు": ఇందులో 'గలిగి' చేసే పని ఏమిటి?

ప్రశ్న (కర్నూలు నుండి ఒక సభ్యురాలు)

పెద్దలందరికీ వందనాలు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయం 15వ వచనం మన తెలుగు బైబిలులో "ప్రేమ గలిగి సత్యము చెప్పుచు క్రీస్తువలె ఉండుటకు, మనమన్ని విషయములలో ఎదుగుదము" అని ఉంది. ఈ మధ్య మా స్త్రీల కూడికలో లెక్కలు చదువుతుండగా, కానుక సొమ్ము కొంత తక్కువ పడిందని ఒకామె లేచి, లెక్కలు చూసే పెద్దావిడను అందరి ముందూ నిలదీసింది. ఆ పెద్దావిడ నోటుపుస్తకం మూసి, కొంగుతో ముఖం తుడుచుకొని, మరి మాట్లాడలేదు. తరువాత అడిగితే, నిలదీసినామె "సత్యము చెప్పమని వాక్యమే అంటున్నది, నేను చెప్పాను" అన్నది. మరికొందరు "ముందు ప్రేమ గలిగి అని ఉంది కదా, కాబట్టి ఊరకుండవలసింది" అన్నారు. ఈ రెండు అర్థాలకూ ఆ వాక్యంలో చోటుందా?

సమాధానం (కడప నుండి)

అమ్మా, రెండింటికీ చోటు లేదనే నేననుకుంటున్నాను. 'గలిగి' క్త్వార్థకం, 'చెప్పుచు' శత్రర్థకం. రెండూ అసమాపక క్రియలే, అంటే వాక్యాన్ని ముగించనివి. వాక్యం ముగిసేది 'ఎదుగుదము' దగ్గర. క్త్వార్థకం సాధారణంగా ముందు జరిగిపోయిన పనిని చెబుతుంది. 'భోంచేసి వెళ్ళాడు' అంటే వెళ్ళేసరికి భోజనం అయిపోయింది. కానీ 'గొడుగు పట్టుకొని నడిచాడు' అన్నప్పుడు, పట్టుకోవడం నడకకు ముందే మొదలై, నడక సాగినంతసేపూ ఉంటుంది. 'ప్రేమ గలిగి' ఈ రెండో తరగతికి చెందిన ప్రయోగం. అంటే నోరు తెరవక ముందే ప్రేమ ఉండాలి, మాట ముగిసేదాకా అది నిలవాలి. నిలదీసిన తరువాత చూపిద్దామనుకునే ప్రేమకు ఈ వాక్యంలో తావు లేదు. అలాగని ఆ ప్రేమ 'చెప్పుచు'ను కొట్టివేయదు. శత్రర్థకం సాగుతూ ఉండే పనిని చెబుతుంది కాబట్టి, ఊరకుండవలసిందన్నవారు కూడా వాక్యంలో సగమే చదివారు.

గ్రీకు మూలంలో 'చెప్పుచు' అనే మాట విడిగా లేదు. 'అలేథేయా' అంటే సత్యం. ఆ కుదురుకే చెందిన ఒక క్రియ అక్కడ ఉంది. కొత్త నిబంధన మొత్తంలో ఆ క్రియ రెండే చోట్ల కనిపిస్తుంది: ఒకటి ఇక్కడ, రెండవది గలతీయులకు 4:16లో. ఇదే ఎఫెసీ పత్రికలో పది వచనాల తరువాత, 25వ వచనంలో, "పొరుగువానితో సత్యమే మాటలాడవలెను" అన్నప్పుడు మాత్రం మూలంలో మాటలాడుట అనే క్రియ, సత్యము అనే నామం విడివిడిగానే ఉన్నాయి. కాబట్టి 15వ వచనంలో మాటతో పాటు నడత కూడా ఇమిడి ఉందని అనుకోవడానికి ఆధారముంది. పైగా దాని ముందరి వచనం వంచనను, కుయుక్తిని గురించి చెబుతున్నది. వాటికి ఎదురుగా నిలబడేది సత్యవంతమైన బ్రతుకే గాని ఒక్కసారి లేచి అనేసిన మాట కాదు.

ప్రసంగవశాత్తు ఒక మాట. జమ్మలమడుగు, గుత్తి, నంద్యాల వైపు పల్లెల సంఘాలలో, బడి ముఖం చూడని అవ్వలు కూడా 'చెప్పుచు', 'ఎదుగుదము' వంటి గ్రాంథిక రూపాలను తడుముకోకుండా ప్రార్థనలో పలుకుతారు. చదువుకున్న ఇండ్లలో సైతం వాడుక తప్పిన రూపాలు వారి నోట బ్రతికి ఉన్నాయి. అంత భక్తితో కంఠస్థం చేసినవారికి ఆ రూపాల బిగువును విప్పి చెప్పడం మన బాధ్యత అని నేను నమ్ముతాను.

సందేహం (అనంతపురం నుండి)

అయ్యా, "సత్యం బ్రూయాత్ ప్రియం బ్రూయాత్" (సత్యం పలకాలి, ప్రియంగా పలకాలి) అని మనుస్మృతి చెప్పినదీ ఇదే కదా? 'యథార్థవాది లోకవిరోధి' అనే నానుడి కూడా మనకు ఉండనే ఉంది.

సమాధానం (కడప నుండి)

దగ్గరి మాటలే, కానీ ఒకటి కావు. ఆ శ్లోకం "న బ్రూయాత్ సత్యమప్రియమ్" అని కూడా అంటుంది. అప్రియమైతే సత్యాన్నైనా పలకవద్దంటుంది, ప్రియమైనా అబద్ధం పలకవద్దని కూడా అంటుంది. ఎఫెసీ, గలతీ పత్రికలు వ్రాసిన పౌలు అప్రియ సత్యాన్ని దాచలేదు. అంతియొకయ పట్టణంలో కేఫాను, అంటే పేతురును, "ముఖాముఖిగా ఎదిరించితిని" అని తానే వ్రాసుకున్నాడు. మీరు చెప్పిన నానుడి అతనికి అనుభవంలోకి వచ్చినదే: పైన చెప్పిన గలతీ 4:16లో "నేను మీతో నిజమాడినందున మీకు శత్రువునైతినా?" అని అడుగుతాడు. అయితే అక్కడ ఆగకూడదు. మూడు వచనాలు దాటగానే అదే మనుష్యులను "నా పిల్లలారా" అని పిలిచి, వారి విషయమై తనకు మరల ప్రసవవేదన కలుగుచున్నదంటాడు. నిజమాడినవాడే నొప్పులు పడుతున్నాడు. నాకు 'ప్రేమ గలిగి' అనే మాటకు ఇంతకన్న మంచి వ్యాఖ్యానం దొరకలేదు. ఎదుటివారికి మాత్రమే నొప్పి కలిగించి, చెప్పినవారికి ఏ నొప్పీ లేకుండా పోయే సత్యభాషణను ఈ వచనంతో సమర్థించుకోలేము.

ఇంకొక సంగతి నన్ను ఎప్పుడూ నిలవేస్తుంది. ప్రకటన గ్రంథం 2వ అధ్యాయంలో ఇదే ఎఫెసు సంఘానికి వ్రాసిన లేఖ ఉంది. అపొస్తలులు కాకయే తాము అపొస్తలులమని చెప్పుకున్నవారిని పరీక్షించి, అబద్ధికులని కనుగొన్నందుకు ఆ సంఘాన్ని మెచ్చుకుని, వెంటనే "మొదట నీకుండిన ప్రేమను నీవు వదిలితివి" అని తప్పు మోపుతుంది. సత్యం విషయంలో అంత జాగరూకత చూపినవారి చేతిలో నుండే ప్రేమ జారిపోయింది. యోహాను రెండవ పత్రికలో "సత్యప్రేమలు" అని ద్వంద్వ సమాసం చేసిన మన అనువాదకుల మీద నాకు గౌరవం కలిగేది ఇందుకే. ద్వంద్వంలో రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం, ఒకటి మరొకదానికి విశేషణం కాదు.

కర్నూలు సోదరికి: లెక్క తేలవలసిందే, తక్కువ పడిన సొమ్ము సంగతి అడగవలసిందే. మత్తయి 18:15 "నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు" అని ఆ అడగడానికి మొదటి మెట్టు చూపుతున్నది. ఆమె ఇంటికి వెళ్ళి, ఆ నోటుపుస్తకం ఇద్దరూ కలిసి చూసి ఉంటే బాగుండేది, ఇప్పుడైనా వెళ్ళవచ్చు. ఈసారి కూడికలో ఈ భాగం చదివితే 14 నుండి 16 వరకు కలిపి చదవండి. 15వ వచనం ఒక్కటే చదివితే ఎదగవలసింది ఎదుటివారన్నట్టు వినిపిస్తుంది. 16లో కీళ్ళు, అవయవాలు, సర్వశరీరము అన్నీ వస్తాయి కాబట్టి, నిలదీసినామె, నోటుపుస్తకం మూసినామె ఇద్దరూ ఆ 'మనము'లోనే ఉన్నారని వినేవారికి తెలుస్తుంది.