ఒట్టావా లాకులు మొదటిసారి దిగబోతున్నాం, ఏం చూసుకోవాలి?

కొత్తచుక్కాని:
ఈమధ్యే కొన్న చిన్న పడవలో, కెనడా పార్లమెంటు పక్కనున్న ఎనిమిది లాకులూ (నీటి మట్టం మార్చి పడవల్ని దించే, ఎక్కించే తలుపుల గదులు) దిగి రీడో కాలువ నుంచి ఒట్టావా నదిలోకి వెళ్దామని ఆలోచన. నేనూ, మా ఆవిడా, ఇద్దరమే. 1832 నాటి కాలువ కదా, తలుపులు ఇప్పటికీ చేత్తోనే తిప్పి తెరుస్తారట. పడవను గోడకు కట్టేసి కూర్చుంటే సరిపోతుందా?

పాతమోకు:
కట్టేయకండి! నేను చేసిన తప్పు అదే. గోడల మీద పైనుంచి కిందికి నిలువుగా నల్లటి తీగలు వేలాడుతుంటాయి. తాడును ఒక తీగకు రెండు చుట్లు చుట్టి, పడవకు ముడివేసి, తీరిగ్గా ఫొటోలు తీసుకుంటున్నాను. నీళ్లు దిగాయి, తాడు మాత్రం జారలేదు. పడవ ముక్కు పైన, వెనుక భాగం కింద. టీ ఫ్లాస్కు దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలింది. లాకు దగ్గరి అమ్మాయి చూసి వెంటనే తూము మూయించింది కాబట్టి బతికిపోయాను.

తాడును తీగ వెనుక నుంచి ఒక్కసారి తిప్పి, కొస చేతిలోనే పట్టుకోవాలి. ముందొకరు, వెనుకొకరు. నీరు దిగేకొద్దీ తాడు దానంతటదే జారుతుంది. గోడకు రాసుకోకుండా రెండువైపులా రబ్బరు బుడగలు వేలాడదీయండి. లోపల ఇంజను ఆపేయాలి, సిగరెట్టు వెలిగించకూడదు. మీ వంతు కోసం రేవు మీద నీలిగీత ఉన్నచోట ఆగండి. గీత లేనిచోట ఆగితే లాకులోకి వెళ్లే ఉద్దేశం లేదనుకుంటారు.

రెండుతెడ్లు:
తొందర పెట్టుకోవద్దని కూడా చెప్పండి. ఎనిమిదింటిలో కలిపి దాదాపు 24 మీటర్లు దిగాలి, గంటన్నర పడుతుంది. తలుపుల జత మూసుకున్నప్పుడు V ఆకారంలో కలుస్తుంది, దాని మొన ఎగువకు ఉంటుంది, నీటి బరువే వాటిని బిగిస్తుంది. రెండువైపులా మట్టం సమం కానిదే ఎంతమంది తిప్పినా కదలవు.

పాతమోకు:
అవును, ఒక్క మాట మరిచాను. చేతి తొడుగులు తీసుకెళ్లండి. ఆ తీగలకు నాచు పట్టి ఉంటుంది.

కొత్తచుక్కాని:
తొడుగులు కొన్నాను. ముందు తాడు మా ఆవిడది, వెనుకది నాది. టీ ఫ్లాస్కు ఇంట్లోనే ఉంటుంది.