పాత పిన్‌బాల్ మిషన్ కొనాలా, తెర మీద ఆడుకుంటే చాలదా?

నేపర్‌విల్_నాని:
గరాజ్‌లో చోటుంది. 1992 నాటి బాలీ కంపెనీ వాళ్ల ఆడమ్స్ ఫ్యామిలీ పిన్‌బాల్ మిషన్ (వాలుగా ఉన్న బల్ల మీద ఉక్కు బంతిని కొడుతూ ఆడేది) కొనాలని ఎన్నాళ్లుగానో ఆశ. మా ఆవిడేమో టీవీ తెర బిగించిన వర్చువల్ పెట్టె కొంటే ఒక్కదాంట్లోనే వందల ఆటలొస్తాయి కదా అంటోంది. నాది వట్టి మోజేనంటారా?

గోదారి_కుర్రాడు:
మోజే అన్నా. ఆ మోడల్ 20,270 చేశారు, అదేమీ అపురూపం కాదు. అయినా రేటు దిగదు. తొంభైల్లో ఎమ్మెస్‌కొచ్చి క్వార్టర్ నాణేలు లెక్కేసుకుని ఆడినవాళ్ల చేతిలో ఇప్పుడు డబ్బాడుతోంది, అంతే.

శారద_అట్లాంటా:
తమ్ముడూ, అసలుది ఎప్పుడైనా ఆడావా? బంతి 80 గ్రాముల ఉక్కు. ఫ్లిప్పర్‌తో, అదే బంతిని పైకి కొట్టే చిన్న రెక్కతో, కొట్టినప్పుడు ఆ దెబ్బ అరచేతికి తెలుస్తుంది. పక్క సందులోకి జారబోయే బంతిని, పెట్టెను చిన్నగా ఓ తోపు తోసి కాపాడుకోవడంలోనే ఉంది మజా అంతా. కాస్త ఎక్కువైందా, లోపల వేలాడే లోహపు గుండు చుట్టూ ఉన్న రింగుకి తగిలి టిల్ట్! ఫ్లిప్పర్లు చచ్చుబడతాయి, నీ కళ్లముందే బంతి కిందికి పోతుంది. ఆ ఉక్రోషం తెర మీద వస్తుందా?

గోదారి_కుర్రాడు:
వర్చువల్ పెట్టెల్లోనూ కుదుపు పసిగట్టే సెన్సర్లు, ఠక్కుమని కొట్టే సాలినాయిడ్లు (కరెంటుతో కదిలే అయస్కాంతాలు) పెడుతున్నారక్కా. పైగా రబ్బర్లు తెగుతాయి, కాయిల్ మాడుతుంది. నాని అన్నకి సోల్డరింగ్ వచ్చా?

పాతసామాను_పంతులు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. 1947లో గాట్‌లీబ్ కంపెనీ వాళ్లు హంప్టీ డంప్టీ అనే మిషన్‌కి ఆరు ఫ్లిప్పర్లు పెట్టేదాకా, బంతి వదిలాక పెట్టెను తట్టడం తప్ప చేయగలిగింది పెద్దగా లేదు. పిన్‌బాల్‌ని జూదమని న్యూయార్క్ నగరం 1942లో నిషేధించింది. 1976లో రోజర్ షార్ప్ అనే ఆటగాడు నగర కౌన్సిల్ వాళ్ల ముందు ఆడి, బంతి ఏ దారిన పోతుందో ముందే చెప్పి మరీ పంపించాక గానీ ఎత్తేయలేదు. అంటే దీన్ని బతికించింది చేతి నేర్పు. ఆ నేర్పు తెర మీద ఎంత పనికొస్తుందో చూడాలి గానీ, మోజు సంగతి దేనికి? నా ఓటు అసలుదానికే. మరమ్మతు తలనొప్పి మాత్రం నిజం. బాలీ పేరుతో ఈ మిషన్లు చేసిన విలియమ్స్ కంపెనీ 1999లో పిన్‌బాల్ వదిలేసినా విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి, అదొక్కటే ఊరట.

శారద_అట్లాంటా:
పంతులుగారూ, నూటికి నూరుపాళ్లు.

నేపర్‌విల్_నాని:
సోల్డరింగ్ వచ్చు. ఆవిడని ఒప్పించడమే రాదు.

గోదారి_కుర్రాడు:
ముందు రేటెంతో చెప్పన్నా, అప్పుడు వదిన తరఫున వాదిస్తా.