అప్‌డేట్: లైవ్ కెమెరాలు చూసి పక్షుల పరిశోధనకు సాయపడొచ్చా?

నేను సైన్స్ చదవలేదు, ఉండేది హైదరాబాద్ సైనిక్‌పురిలో, విదేశాల్లోని పక్షుల లైవ్ కెమెరాలు చూస్తుంటాను, ఇది పరిశోధనకు పనికొస్తుందా అని ఆమధ్య అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. నిక్షేపంగా పనికొస్తుంది!

అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల బర్డ్ క్యామ్స్ ల్యాబ్ అనే ప్రాజెక్టులో ఏ ప్రశ్న తేల్చాలన్నది కూడా శాస్త్రవేత్తలతో కలిసి వాలంటీర్లే ఎంచుకున్నారట. నాకు బాగా నచ్చిన సంగతి అదే. పనామాలో పళ్లు పెట్టే బల్ల దగ్గర ఏ పక్షి ఏ పక్షిని తరుముతోందో వీడియో ముక్కల్లో గుర్తించారు. ఒకే ముక్కను చాలామంది చూస్తారు కాబట్టి ఒకరు పొరబడినా లెక్క చెడదు. ఇది తెలిశాక నా టెన్షన్ పోయింది. ఆ అధ్యయనం అయిపోయింది కానీ, వాలంటీర్లు పరిశోధనలకు సాయపడే జూనివర్స్ వెబ్‌సైట్‌లో అలాంటివి వస్తూనే ఉంటాయి.

ఈలోగా మా బాల్కనీ తీగకు ఊదా తేనెపిట్ట గూడు కట్టింది. కిటికీ లోపలి నుంచి పాత ఫోన్‌తో రికార్డు చేస్తున్నాం. పొదిగేది ఆడపిట్టే. గూటి పక్క కంతలోంచి దాని వంపు ముక్కు మాత్రం బయటికి కనిపిస్తుంది. అది వెళ్లిన టైమ్, వచ్చిన టైమ్ రాస్తున్నాం. మధ్యాహ్నం డ్యూటీ మా అత్తయ్యది. 'పాపం, దిగులుగా ఉంది' లాంటివి రాయొద్దని ముందే అనుకున్నాం, కంటికి కనిపించిందే రాయాలి.

గూడు ఫొటో అడిగినవాళ్లకు: పిల్లలు ఎగిరిపోయాకే పెడతాను. దగ్గరికెళ్లి ఫ్లాష్ కొడితే తల్లి గూడు వదిలేసే ప్రమాదం ఉంది.