రెండో నియమంలో ‘రేటు’ ఉందా, లేదా?

గోదారిగట్టు:
తొమ్మిదో తరగతిలో మాష్టారు బట్టీ పట్టించిన న్యూటన్ రెండో గమన నియమం వాక్యం ఒకటి పొద్దున్నుంచి బుర్ర తినేస్తోంది. “ద్రవ్యవేగములోని మార్పు … ప్రయోగించిన బలమునకు అనులోమానుపాతములో ఉండును, ఆ బలము పనిచేయు దిశలోనే జరుగును.” మధ్యలో ‘రేటు’ ఉండేదా, లేక మార్పు దగ్గర్నుంచి నేరుగా బలానికి వెళ్లిపోయేదా? పాత తెలుగు మీడియం వాచకం ఉన్నవాళ్లు కాస్త చూసి చెప్పండి.

సుద్దముక్క:
ఉండి తీరాలి. 160 గ్రాముల క్రికెట్ బంతి సెకనుకు 30 మీటర్ల వేగంతో వస్తోందనుకోండి. ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశి ఇంటూ వేగం, 4.8. చేతులు వెనక్కి తీసుకుంటూ 0.1 సెకనులో ఆపితే సగటు బలం 48 న్యూటన్లు. చేతులు బిగించి 0.01 సెకనులో ఆపితే 480. మార్పు రెండుసార్లూ అంతే. తేడా ఎక్కడుందో అరచేతిని అడగండి. రేటు తీసేస్తే ఈ రెండు క్యాచ్‌లూ ఒకటే అనాలి.

పాతసంచిక:
‘తీరాలి’ అంత గట్టిగా అనకండి మాష్టారూ. 1687లో న్యూటన్ రాసిన లాటిన్ వాక్యం ‘ముటాతియోనెమ్ మోతుస్’ అనే మొదలవుతుంది. చలనంలో మార్పు, అంతే. రేటు ఊసే లేదు. 1729లో మోట్ ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడూ చేర్చలేదు. బలం అంటే ద్రవ్యరాశిని త్వరణంతో (వేగం మారే రేటుతో) గుణించడం అని మనం న్యూటన్ ఖాతాలో వేస్తాం గానీ, దాన్ని యాంత్రికశాస్త్రానికంతటికీ మూలసూత్రంగా నిలబెట్టినవాడు గణితవేత్త ఆయిలర్, 1750లో. మీ వాచకం రాసినాయన మూలానికి కట్టుబడ్డాడేమో.

సుద్దముక్క:
మూలంలో లేదు, ఒప్పుకున్నదే. కానీ అక్కడి బలం ఒక్క దెబ్బలో పడే మొత్తం. మనం దాన్ని ప్రచోదనం అంటున్నాం, బలాన్ని కాలంతో గుణిస్తే వచ్చేది. ఆ లెక్కన రేటు అక్కర్లేదు. వాచకంలోని బలం న్యూటన్లలో కొలిచేది, దానికి కావాలి. ద్రవ్యరాశి మారనంతవరకు ద్రవ్యవేగం మారే రేటంటే ద్రవ్యరాశి ఇంటూ త్వరణమే కదా. పేరు పాతది, అర్థం కొత్తది.

యతిస్థానం:
సైన్సు మీరు చూసుకోండి, నా బాధ వేరు. ‘ఉండును’, ‘జరుగును’ అని నడిచే వాక్యంలో రేటు పంటికింద రాయిలా లేదూ? ‘మార్పు చెందు వడి’ అని ఉండి ఉంటుంది.

సుద్దముక్క:
వడి వద్దు గురువుగారూ. వాచకాల్లో వడి అంటే దిశ లేనిది, వేగం అంటే దిశ ఉన్నది. అక్కడ వడి రాసిన పిల్లాడికి అర మార్కు కోత.

ఒంగోలుగిత్త:
అందరూ రేటు దగ్గరే ఆగిపోయారు. నా పేచీ ‘ప్రయోగించిన’ మీద. బండలాగుడు పోటీలకి రండి. బండ 1,000 కేజీలు, నేల రాపిడి 6,000 న్యూటన్లు అనుకుందాం. ఎడ్లు 6,500తో లాగితే మిగిలేది 500, త్వరణం 0.5. ఊపందుకున్నాక 6,000తో లాగినా బండ అదే వేగంతో పోతుంది, త్వరణం మాత్రం సున్నా. నోట నురగ కక్కుతున్న ఎడ్ల ముందు నిలబడి ‘బలం ప్రయోగించలేదు’ అనగలరా? అక్కడ ‘ఫలిత’ అనే మూడక్షరాలు పడాలి. రేటు కంటే అదే ముఖ్యం.

యతిస్థానం:
బలం అంటే గుర్తొచ్చింది. “లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె…” పోతన గజేంద్రుడికి ఒంట్లో ద్రవ్యరాశికి కొదవా? లేనిది లావు, అంటే బలం. ఇవాళ లావు అంటే ఒళ్లు. ఒకే మాట సమీకరణంలో ఈ వైపు నుంచి ఆ వైపుకి గెంతేసింది! ఇలాంటి చమత్కారం పోతన మాటకే పడుతుంది.

పాతసంచిక:
పోతన ఎత్తారు కాబట్టి ఆ పక్క పద్యం కూడా. “సిరికిం జెప్పడు…” శంఖచక్రాలు పట్టడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చెయ్యడు. బలం అంతే ఉంచి ద్రవ్యరాశి తగ్గిస్తే త్వరణం పెరుగుతుందని ఇంతకంటే బాగా ఎవరు చెప్పారు?

యతిస్థానం:
పద్యం సగంలో ఆపితే ఎలాగండీ? “శ్రీకుచోపరిచేలాంచలమైన వీడడు” ఉంది చివర. చేతిలో ఉన్న కొంగు కూడా వదల్లేదు. అమ్మవారు వెంట రాక తప్పలేదు. ద్రవ్యరాశి పెరిగింది, తగ్గలేదు.

గోదారిగట్టు:
అయ్యా, నా ‘రేటు’…

ఒంగోలుగిత్త:
ఆ కొంగులో తన్యత ఎంతో ఎవరైనా లెక్క కట్టండి ముందు.

పాతసంచిక:
యతిస్థానం గారి లెక్కే పట్టుకుంటే తర్వాతి పద్యంలో మొత్తం వైకుంఠమే కదిలింది. తన వెంట సిరి, ఆమె వెంట అంతఃపురం, దాని వెనక పక్షీంద్రుడు, ఆ పక్కనే విల్లూ గదా శంఖచక్రాలూ. అంత బరువుతో బయల్దేరినవాళ్లు “వచ్చిరొయ్యన”. ఒయ్యన అంటే మెల్లగా. ద్రవ్యరాశి పెరిగితే త్వరణం తగ్గింది. చూశారా, పోతన లెక్క ఎక్కడా తప్పలేదు.

యతిస్థానం:
అవతల మొసలి కాలు పట్టుకుని లాగుతుంటే మెల్లగా రావడమేమిటండీ? ‘ఒయ్యన’కి అక్కడ ‘వెంటనే’ అనే చెప్పుకోవాలి. సందర్భం చూడాలి కదా.

సుద్దముక్క:
మెల్లగా వచ్చినా సమవేగంతో వస్తే త్వరణం సున్నా. మీ ఇద్దరి వాదనా చెల్లదు.

యతిస్థానం:
బయల్దేరిన క్షణంలో కూడా సున్నాయేనా మాష్టారూ?

పాతసంచిక:
ఆయన సంగతి తర్వాత. ‘ఒయ్యన’ అంటే ‘వెంటనే’ అనే అర్థంలో ఇంకో ప్రయోగం చూపించండి, పోతన దగ్గరైనా సరే, తిక్కన దగ్గరైనా సరే. అప్పటిదాకా నేను ‘మెల్లగా’ దగ్గర్నుంచి కదలను.